ఏమియు లేని చోటికి ప్రయాణము

అమెరికా దేశమున ఒమాహా నగరమునందు కాపురముండు మా బావమఱది, నేను మొదటిసారి వారి యింటికి పోయి నెబ్రాస్కా రాష్ట్రమున చూడదగిన వేవి యని అడిగినప్పుడు, కాఫీ గ్లాసు బల్లపై పెట్టి, "ఏముంది బావా, రోడ్డుకు అటూ మొక్కజొన్నే, ఇటూ మొక్కజొన్నే. కారులో హాయిగా పడుకో, డెన్వరు కొండలు రాగానే లేపుతాను" అనెను. అతడు చెప్పినది అసత్యము కాదు. ఎనుబదవ నంబరు రహదారి పట్టి ఒమాహా నుండి డెన్వరు వఱకు గల సుమారు 540 మైళ్ళను నిద్రలోనో, సినిమాపాటలలోనో దాటిపోయిన తెలుగు కుటుంబములను నే నెన్నింటినో ఎఱుగుదును. వారిలో ఒక్కరికైనను తాము దాటిన దేమో తెలియదు. తెలియలేదన్న చింతయు లేదు.

ఇదివఱకటి అధ్యాయములందు పర్వతములకును, సముద్రతీరములకును పోవువారు పాటింపవలసిన పద్ధతులను చెప్పియుంటిని. పర్వతము మనము తలయెత్తకున్నను కనబడును. జలపాతము చెవియొగ్గకున్నను వినబడును. మిస్సోరీ నదికి పడమరగా రాకీ పర్వతముల పాదముల దాక పఱచుకొనియున్న ప్రెయిరీ, అనగా ఆ మహా తృణభూమి, త్రోవన పోవువానికి ఏమియు చూపక, కదలక కూర్చున్నవానికి మాత్రమే ఒక్కొక్కటిగా తన సొమ్ములను విప్పి చూపు స్వభావము గలది. కనుక ఈ యధ్యాయమున నేను చెప్పదలచిన దెల్ల, అచ్చట ఎట్లు కూర్చొనవలయును, ఏ వేళ కూర్చొనవలయును, రాత్రి ఎచ్చట తలదాచుకొని మఱునాడు మరల పోయి కూర్చొనవలయును అనునదియే.

మన భాషయందును చెట్టు లేని నేలకు గౌరవము తక్కువ యనుట ఇచ్చట ఒప్పుకొనవలసియున్నది. బీడు, బంజరు, పోరంబోకు అనునవి ఆ నేలకు మనము పెట్టుకొన్న పేర్లు. వానిలో ఒక్కటియు ముద్దుపేరు కాదు. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిమైదానమును బట్టమేకపిట్ట కొఱకు 1988లో అభయారణ్యముగా ప్రకటించినప్పుడు, చెట్టొక్కటి లేని చోటు అరణ్య మెట్లగునని నవ్వినవారు ఉండియే యుందురు. దున్నని నేల వట్టి నేల యను నమ్మిక ఇక్కడను ఉన్నది, అక్కడను ఉన్నది. ఆ నమ్మికను విడిచిపెట్టుట ఈ ప్రయాణమునకు మూటకట్టుకొనుటకంటె ముందు చేయవలసిన పని.

నా మొదటి యాత్ర చెడిన తీరు చెప్పెదను. మార్చి మాసమున ప్లాట్ నది యొడ్డునకు లక్షలకొలది క్రౌంచపక్షులు వచ్చునని ఎవరో చెప్పగా విని, ఒక ఆదివారమునాడు తీరికగా ఇడ్లీలు తిని, ఒమాహా నుండి 180 మైళ్ళకు పైగా కారు నడుపుకొని, కీర్నీ పట్టణము చేరునప్పటికి పదునొకండు గంటలు దాటినది. కోత ముగిసిన మొక్కజొన్న చేలలో బూడిదరంగు రాళ్ళవలె ఏవో కనబడెను. రాళ్ళు కావవి, పక్షులేయని గ్రహించిన సంతోషమున క్రిందికి దిగి, అలవాటు చొప్పున కారు తలుపును ధడాలున వేసితిని. ఒక్కసారిగా చేనంతయు లేచి, అఱచుచు ఆకసమునకెక్కి, నదికి ఆవలివైపున దిగిపోయినది. నేను చూచినది లెక్కకట్టినచో ఇరువది సెకండ్లకు మించదు. మిట్టమధ్యాహ్నము వట్టి నదిని రెండు గంటలసేపు చూచి, వచ్చినత్రోవనే తిరిగి, చీకటిపడు వేళకు ఇల్లు చేరితిమి. పక్షులు నదికి దిగునది సరిగా ఆ చీకటిపడు వేళనే యని నాకు అప్పుడు తెలియదు.

మఱుసటి వసంతమున బుద్ధి తెచ్చుకొని, ఆ నదీతీరమున ఒక చిన్న ఊరిలోని మోటెలుకు ఫోను చేసి గది యడిగితిని. ఎత్తినది ఆ మోటెలు నడుపు వృద్ధురాలే. ఒక్క రాత్రికి చాలునంటిని. "రెండు రాత్రులు వ్రాసుకొననా? మొదటి తెల్లవారుజామున ఎవరికీ మెలకువ రాదు" అని ఆమె అనెను. వ్యాపారపుమాట యనుకొంటిని కాని మొదటి తెల్లవారుజామున మాకు నిజముగనే మెలకువ రాలేదు. ప్రెయిరీకి పోవువారు ఒకే ఊరిలో రెండు రాత్రులకు తక్కువ ఉండరాదని నేను చెప్పుట ఆనాటినుండియే.

ఇక ఆ రెండవ తెల్లవారుజామును గూర్చి కొంత విస్తరించి చెప్పవలయును. ఏలయన ఈ యధ్యాయమునకంతకును ప్రాణ మదియే. ఈ పక్షులను అచ్చటివారు శాండ్‌హిల్ క్రేన్‌లందురు. నిలువున మూడు నాలుగడుగుల యెత్తు, ఱెక్కలు చాచిన ఐదాఱడుగుల వెడల్పు, బూడిదవన్నె దేహము, నుదుట కుంకుమ దిద్దినట్లు ఎఱ్ఱని మచ్చ. ఫిబ్రవరి నడుమనుండి ఏప్రిల్ నడుమ వఱకు ఇవి వచ్చుచు పోవుచుండును. మార్చి రెండవ పక్షమున మిక్కిలి దట్టముగ నుండును. లెక్కించువారు ఐదు లక్షలకు పైబడిన సంఖ్యను చెప్పుదురు. ప్రపంచమున ఈ జాతి పక్షులలో నూటికి ఎనుబది ఆ కొలది వారములలో ఈ నదికి చెందిన సుమారు 80 మైళ్ళ నడిమి భాగమున చేరును. పగలెల్ల చేలలో రాలిన గింజలేరుకొని, రాత్రి నదిలో మోకాలిలోతు నీటనో, ఇసుకతిన్నెల యంచుననో నిలుచుండి నిద్రించును. నక్క వచ్చినను, కొయోటీ వచ్చినను నీటిచప్పుడు కాక తప్పదు. ఆ చప్పుడే వానికి కావలికాడు.

గిబ్బన్ ఊరి దాపున 1974లో ఆడుబాన్ సంఘమువారు నెలకొల్పిన రోవ్ అభయారణ్యమునను, ఆల్డా దాపున క్రేన్ ట్రస్టువారి స్థలమునను నది యొడ్డున చెక్కతో కట్టిన మఱుగుగదులు కలవు. చిన్న కిటికీలు గల ఆ గదులలోనికి తెల్లవారకముందే, చీకటిలోనే, మార్గదర్శి వెంట వరుసగా నడచి చేరవలయును. చోటు ముందుగా కుదుర్చుకొననిచో దొరకదు. మార్చి మాసపు చోట్లకు చలికాలము నడుమనే ప్రయత్నింపవలయును. డబ్బు వెచ్చింపలేనివారు చింతింపనక్కఱలేదు. ఆల్డా వద్దను, గిబ్బన్ వద్దను వంతెనల చెంత అందఱికై కట్టిన వేదికలు కలవు. కీర్నీ కోట దగ్గఱ పాత రైలువంతెనను నడకదారిగ మార్చినారు, అచ్చటనుండి సాయంకాలము చూచుట మఱింత సుఖము.

మఱుగుగదిలో ప్రవేశించిన పిమ్మట పాటింపవలసిన నియమములు కొన్ని. ఫోను ఆర్పి జేబులో వేసుకొనుడు. దాని వెలుగొక్కటి చాలును, వేల పక్షులు బెదరి చీకటిలో ఎగిరి విద్యుత్తీగలకు తగిలి చచ్చుటకు. సరసరలాడు ప్లాస్టిక్ కోటు వలదు. ఆ వేళ చలి నీరు గడ్డకట్టునంత యుండును. రెండు గంటలు కదలక నిలువవలయును కనుక, పట్టణమున ఎంత బట్ట చాలునని తోచునో దానికి రెట్టింపు వేసుకొనుడు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తొడుగుడు. మా యింటి ఆడువారు చీరపై ఉన్నికోటు, దానిపై దుప్పటి కప్పుకొని వచ్చిరి. నవ్వినవారెవ్వరును లేరు, కొందఱు ఆ దుప్పటివంక ఆశగా చూచిరి.

మొదట ఏమియు కనబడదు, వినబడును. దూరమున బండిచక్రము ఇరుసులో తిరుగునట్లు, పాతకాలపు బూరను ఎవరో నీటిలో ముంచి ఊదినట్లు, గుడగుడమను శబ్దము చీకటినిండ వ్యాపించియుండును. ఆ పక్షి గొంతునాళము రొమ్ముటెముక లోపలికి చుట్టుకొనిపోయి పొడుగుగ నుండుటచే ఆ శబ్దము మైళ్ళదూరము పాఱును. తూర్పున వెలుగురేక పొడచూపగా, ఇసుకతిన్నె యనుకొన్నది కదలుట కనబడును. ఆ తిన్నెయంతయు పక్షులే. కొన్ని ఒడలు విదుల్చుకొనును. కొన్ని యెదురెదుర నిలిచి, ఱెక్కలు చాచి, ఎగిరి గంతులిడి, ఒక పుల్లనో మట్టిగడ్డనో ముక్కుతో పైకి ఎగురవేయును. వాల్మీకి మహర్షి నోట శోకమును శ్లోకముగ పలికించిన క్రౌంచము ఏ జాతిదని పండితులు ఎంత వాదించుకొన్నను, ఈ నృత్యము చూచినవానికి ఆ మిథునమును విడదీయుట యేల మహాపాతకమైనదో మఱి వ్యాఖ్యానము అక్కఱలేదు. పిదప ఎవరు చెప్పినదియు లేదు, ఏమి జరిగినదియు లేదు, ఒక అంచునుండి లేచుట మొదలై నది పొడవునను వ్యాపించి, ఆ ఱెక్కలగాలి మీ ముఖమునకు తగులును. ఆ క్షణమున ఛాయాచిత్రము తీయదలచినవారు తీసుకొనవచ్చును. నేను తీయలేదు, చేతులు కొంకరపోయియుండుట దానికి కారణమని ఒప్పుకొనుచున్నాను.

చూచినదానికి కారణము తెలిసినచో రెండవసారి చూచుట వేఱుగ నుండును. శీతకాలమును టెక్ససు, న్యూమెక్సికో, మెక్సికో దేశములలో గడపిన పక్షులు ఉత్తరమున కెనడాకును, అలాస్కాకును, కొన్ని సముద్రముదాటి సైబీరియాకును పోవును. అంత విశాలమైన త్రోవ ఈ నదివద్ద గంటగడియారపు నడుమువలె సన్నగిలును. ఇక్కడ మూడు నాలుగు వారములు తిని క్రొవ్వుపట్టిననే గాని ఉత్తరమున మంచులో గ్రుడ్లు పెట్టుటకు శక్తి చాలదు. నది పూర్వము మైలు వెడల్పు, అంగుళము లోతని అచ్చటివారు పరిహాసమాడువారు. ఎగువన ఆనకట్టలు లేచి, 1941లో కింగ్‌స్లీ ఆనకట్టయు పూర్తియై, నీటిలో అధికభాగము కాలువలకు మరలగా, ఇసుకతిన్నెలపై మొలచు విల్లో మొక్కలను ఊడ్చుకొనిపోవు వసంతపు వరద తగ్గినది. తిన్నెలు పొదలైనవి, పొదలలో పక్షి దిగదు. అందుచే నేడు వరద చేయవలసిన పనిని ఏటేట యంత్రములు చేయుచున్నవి. అదే 1941లో, వీనికి బంధువైన తెల్లని హూపింగ్ క్రేన్ జాతి యిరువది యొక్కటి వఱకు దిగజారినది. నేడు టెక్ససు తీరమునుండి కెనడాకు పోవు గుంపు ఒక్కటియే ఐదువందలు దాటినది. బూడిదరంగు వేలలో ఒక్క తెల్లనిది మీకు కనబడినచో పెద్దగా అఱవకుడు, ప్రక్కవాని మోచేయి తాకుడు. ఈ పక్షుల మధ్యమార్గమునగల రాష్ట్రములలో శాండ్‌హిల్ క్రేన్ వేటకు అనుమతి లేనిది నెబ్రాస్కా యొక్కటే యనుటయు ఇక్కడ చెప్పదగినది.

ఇప్పుడు బసను గూర్చి. పెద్దరహదారి చెంతనుండు పెద్ద హోటళ్ళు ఎచ్చటనైనను ఒక్కటియే. అందు దిగినవారికి తాము నెబ్రాస్కాలో ఉన్నామో, న్యూజెర్సీలో ఉన్నామో గోడలను చూచి చెప్పుట కష్టము. నాలుగైదు మైళ్ళు లోనికి పోయినచో ధాన్యపు గాదె, నీటిట్యాంకు, చర్చి, న్యాయస్థానపు భవనము, ఉదయము ఆఱింటికే తెఱచు కాఫీ దుకాణము గల ఊరు కనబడును. అట్టి ఊరిలో ఒకే అంతస్తు గల మోటెలో, పాత యింటిలో రెండు గదులు అద్దెకిచ్చు కుటుంబమో, పశువుల రాంచిలో అతిథులకై వేసిన గుడిసెయో దొరకును. గది చిన్నది కావచ్చును, స్నానపు తొట్టి పాతది కావచ్చును; కాని తెల్లవారుజామున నాలుగున్నరకు కాఫీ కాచి ఫ్లాస్కులో పోసియుంచువారు, ఏ మట్టిరోడ్డు బురదయైనదో, నిన్న ఏ చేను నిండ పక్షులు దిగినవో చెప్పువారు వారే. వారి మాటయే నిన్నటి వార్త. ఏ పుస్తకమును అంత క్రొత్తది కాదు, ఈ పుస్తకముతో సహా.

భోజనవిషయమున మనవారు కొంత జాగ్రత్త వహింపవలయును. అది పశుసంపదతో బ్రదుకు దేశము. రంజా యని పేరుగల బన్ను మన బేకరీ కూరబన్నువలె కనబడును గాని లోపలిది క్యాబేజీతో కలిపిన గొడ్డుమాంసము. శాకాహారులకు రొట్టె, జున్ను, గ్రుడ్లు, బంగాళాదుంపలు దొరకును. రాత్రి ఎనిమిది దాటినచో అవియు దొరకవు. పులిహోర రెండు పూటలకు నిలుచును. కుక్కరు తీసుకొనిపోవుటయందు దోషము లేదు. గదిలో వండవచ్చునా యని ముందు అడుగుట మర్యాద. అన్నము వండుడు, ఆవకాయ కలుపుకొనుడు, పోపు మాత్రము పెట్టకుడు. మా బృందములో ఒకరు మినప్పప్పు, ఎండుమిర్చి వేయించగా పొగగంట మ్రోగి, తొమ్మిది గదులవారును చలిలో వెలుపల నిలిచిరి. మా వృద్ధురాలు ఆ మఱునాడు "అది ఏమి వంటకము?" అని అడిగినది, కోపముతో కాదు, వాసన నచ్చి.

పక్షుల నది నుండి వాయవ్యముగ పోయినచో ఇసుకదిబ్బల సీమ వచ్చును. దాదాపు 19,000 చదరపు మైళ్ళ ఇసుక, గడ్డి వేళ్ళచే కట్టుబడి, అలలు నిలిచిపోయిన సముద్రమువలె నుండును. దున్నినచో గాలికెగిరిపోవునను భయమే దానిని కాపాడినది. 1904లో ప్రభుత్వము కుటుంబమునకు 640 ఎకరములిచ్చినను వ్యవసాయము సాగక, పశువులే మిగిలినవి. రెండవ నంబరు రాష్ట్ర రహదారి ఈ సీమగుండ పోవును. దానిపై పోవువాడు టంకి సగమునకు దిగగానే పెట్రోలు పోయించుకొనవలయును, పటము కాగితముపైన ఉంచుకొనవలయును. ఒకచోట గడియారము గంట వెనుకకు పోవును. బసవారికి వేళ చెప్పునప్పుడు ఏ కాలమానమో అడుగుడు. ఎదురువచ్చు బండివాడు స్టీరింగుపైనుండి చూపుడువ్రేలొక్కటి లేపును. అది నమస్కారము; మీరును ఒక వ్రేలు లేపుడు, చేయి ఊపినచో బండి చెడినదనుకొని ఆగును. నెబ్రాస్కా నేలలో బహుభాగము సొంతదారులదే గనుక కంచె దాటుటకు అనుమతి కావలయును. తలుపు మూసియుండినచో మూసియు, తెఱచియుండినచో తెఱచియు వదలవలయును.

ఇక్కడ ఏప్రిల్ మాసపు తెల్లవారుజామున ప్రెయిరీకోడి పుంజులు ఒక గుట్టపై చేరి, మెడకిరువైపుల నారింజవన్నె సంచులను ఉబ్బించి, ఖాళీసీసా మూతిలో ఊదినట్లు మ్రోయుచు, కాళ్ళు టపటపలాడించుచు పెట్టలయెదుట ప్రగల్భములు చూపును. కొందఱు రాంచివారు దీనికై మఱుగుబండ్లు నిలుపుదురు. సూర్యోదయమునకు గంటముందు లోనికి పోవలయును. కోళ్ళు తమంతట పోవువఱకు మనము పోరాదు. సమీపమున వాలెంటైన్ పట్టణము చెంత 1912లో ఏర్పడిన ఫోర్ట్ నయోబ్రారా ఆశ్రయమున బైసన్ మందలు కలవు. కోట్లలో నుండిన ఆ మృగములు 19వ శతాబ్దపు తుదికి వేయిలోపునకు దిగినవి. గేదెవలె మందముగ కనబడునని నమ్మి దగ్గఱకు పోరాదు. గంటకు ముప్పదియైదు మైళ్ళ వేగమున పరుగెత్తగలదు. నూఱు గజములు విడుచుడు. తోక నిటారుగ లేచినచో నూఱును చాలవు.

మృగములు, పక్షులు లేని పగటివేళ గడ్డి చూడవలయును. కాన్సాసులో స్ట్రాంగ్ సిటీ దగ్గఱ 1996లో ఏర్పడిన టాల్‌గ్రాస్ ప్రెయిరీ రక్షితప్రదేశమునకు ఆగస్టు, సెప్టెంబరులలో పోయినచో, బిగ్ బ్లూస్టెమ్ అను గడ్డి మనిషిని మించి పెరిగి మూడు వ్రేళ్ళ కంకులతో నిలుచును; దాని వేళ్ళు క్రిందికి అంతకంటె లోతునకు పోవును. పొడుగుగడ్డి ప్రెయిరీ యొకప్పుడు 17 కోట్ల ఎకరములు. నేడు నూటికి నాలుగు పాళ్ళయినను మిగులలేదు. ఆ రక్షితప్రదేశమున్న ఫ్లింట్ కొండలలో నేల పలుచన, రాళ్ళు మెండు. నాగలి దిగలేదు గనుకనే గడ్డి నిలిచినది. అచ్చటి రైతులు వసంతమున దానికి నిప్పుపెట్టుదురు. చూచి కంగారుపడకుడు, నిప్పు లేనిచో పొదలు, చెట్లు క్రమ్మును. మొక్కలునాటు పండుగను 1872లో అమెరికాలో మొదట జరిపినది నెబ్రాస్కావారే, చెట్టులేమికి అంతగా సిగ్గుపడిరి. ఇప్పుడు గడ్డిని కాపాడగోరువారు ఆ సీమలోనే రెడ్ సెడార్ చెట్లను నఱుకుచున్నారు. గడ్డిలో నడచిన పిమ్మట సాక్సులపై, మోకాలి మడతలలో పిడుదులను వెదకుడు. రాతిగుట్టల దాపున గిలకపాము చప్పుడు వినబడినచో ఉన్నచోటనే నిలిచి, అది ఎచ్చటనున్నదో తెలిసికొని, వెనుకకు జరుగుడు. పడమర ఆకసము ఆకుపచ్చగ నల్లబడినచో అది సుడిగాలి సూచన, ఆ నాటి యాత్ర ముగిసినట్లే. బసలో నేలమాళిగ ఎచ్చటనో మొదటిరోజుననే అడిగియుంచవలయును.

మా బావమఱది మూడవ యేట మాతో వచ్చెను. పిల్లలు బలవంతపెట్టుటచే వచ్చినాడని అతని ముఖమే చెప్పుచుండెను. మొదటి సాయంకాలము కీర్నీ వంతెనపై నిలిచినప్పుడు, ఎఱ్ఱబాఱిన ఆకసమున దక్షిణమునుండి ఒక గీత, దానివెనుక మఱియొక గీత, పిదప లెక్కకందని గీతలు నదివైపు దిగివచ్చుచుండగా, అతడు జేబులోనుండి ఫోను తీసి, చూచి, ఆర్పి, మరల జేబులో వేసుకొనెను. చీకటిపడి అందఱు పోయినను కటకటాలు పట్టుకొని నిలిచియుండెను. కారువద్దకు వచ్చి, మమ్ములను ఎక్కనిచ్చి, తాను వెలుపలనుండి నా ప్రక్క తలుపును రెండు చేతులతో పట్టి, చప్పుడు కాకుండ మెల్లగా ఒత్తి మూసెను.